గాలి చప్పుడు

సోమవారం

ఇవాళ గెలిచాను. పెట్టెలో ఆ బుయ్‌మనే చప్పుడు పోయింది.

ఓనరు దాన్ని స్టూడియో అంటాడు. గదిలో గది, గోడల నిండా స్పాంజి, ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు, బల్ల, మైకు, తెరుచుకోని గాజు కిటికీ. దానికి అంత పేరెందుకు? పెట్టె అంటే చాలు. క్యాసెట్ల కాలం నుంచీ ఆ పెట్టెలో కూర్చుని ఎవరెవరివో పుస్తకాలు పైకి చదువుతున్నాను. జనం వాటిని చెవుల్లో పెట్టుకుని బస్సుల్లో నిద్రపోతున్నారు.

నడినెత్తిన ఒక కన్నం, కన్నంలో చిన్న ఫ్యాను. పాతది పాడైతే ఈమధ్యే ఇది బిగించారు. బయటి గాలిని లోపలికి తోస్తుందట. తోసే గాలి గోరంత, చేసే రొద కొండంత. నా గొంతు వెనక ఈగ తిరుగుతున్నట్టు వినబడుతూనే ఉంది. గాజు అవతల కూర్చుని రికార్డు చేసే చెవులాయనకి మాత్రం వినబడదు! హెడ్‌ఫోన్లు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళెవరూ లేరు, అందుకే ఆ పేరు పెట్టాను. పేరు పెట్టినంత మాత్రాన చెవులు పనిచెయ్యవు కదా.

"ఆపకూడదు మేడం. అది గాలి కోసం పెట్టింది," అన్నాడు.

"గాలి కావాలంటే మేడెక్కుతాలెండి. ఇక్కడికి చదవడానికి వస్తాను."

"ఫ్యాను ఆపినా గొట్టంలోంచి రోడ్డు మీది హారన్లు వస్తాయి మరి."

"అయితే కన్నమే మూయించండి."

వడ్రంగి వచ్చి స్పాంజి కుక్కి, పైన చెక్క బిగించి, చుట్టూ టేపు వేశాడు. చదివేముందు ఏసీ వేసి గది చల్లబరుస్తారు, చదివేటప్పుడు ఆపేస్తారు. ఇంకేం కావాలి మనిషికి? రెండు తలుపులూ వేసుకుని కూర్చుంటే నా గొంతు నాకే ముద్దొచ్చింది.

పనిలో పనిగా ఆ వడ్రంగినే సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి అమ్మ గది కిటికీకి మేకులు కొట్టించాను. అమ్మకి మతి తప్పి నాలుగేళ్ళయింది. ఒకప్పుడు లెక్కల టీచరు. వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు వింటే చాలు, పిల్లలు గబగబా ఎక్కాలు అందుకునేవాళ్ళు. ఇప్పుడు కిటికీ దగ్గర నిలబడి దారిన పోయేవాళ్ళని కేకేసి, "బాబూ, నన్ను ఇక్కడే దింపెయ్యండి," అంటుంది. నిన్న ఎదురింటావిడ వచ్చి, "పెద్దావిడ్ని ఏమైనా అంటున్నారా?" అని అడిగింది. మొహంలో ఎంత జాలో! ఆ జాలంతా తీసుకెళ్ళి వాళ్ళాయన మీద చూపించుకోవచ్చుగా. మేకులు కొట్టాక సందుల్లో పాత గుడ్డలు కూడా కుక్కాను. ఇంక ఎంత అరిచినా వీధిలోకి వినబడదు.

బుధవారం

పుస్తకం పేరు ఇల్లూ ఒళ్ళూ. రాసింది రిటైరైన డాక్టరు. దిండంత లావుంది. పడుకోవడం ఎలా, నిలబడటం ఎలా, నీళ్ళు తాగడం ఎలా. ఈయన పుట్టి చెప్పేదాకా జనమంతా నీళ్ళు తాగకుండా ఆగినట్టే రాశాడు.

నాకేం, చదువుతాను. అర్థంతో నాకు పనిలేదు. అర్థం పట్టించుకుంటే గొంతులో మన అభిప్రాయం తెలిసిపోతుంది. వాక్యం కంట్లోంచి వెళ్ళి నోట్లోంచి రావాలి, మధ్యలో ఎక్కడా దిగకూడదు. ఈ మాట చెబితే కొత్తగా వచ్చే చదువరులు తెల్లమొహం వేస్తారు. "ఫీలై చదవాలి కదా మేడం," అంటారు. ఫీలవుతారట! ముందు ఒత్తులు సరిగ్గా పలకమనండి.

మధ్యాహ్నం నుంచి కణతల దగ్గర నొప్పి. ఆ డాక్టరు వాక్యాలు అలాంటివి.

గురువారం

ఆయమ్మ మానేస్తానంటోంది. పగలంతా అమ్మ గదిలో కూర్చోవడమే ఆవిడ పని. తలనొప్పిగా ఉందట, ఒకటే ఆవలింతలట. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్ళకి ఆవలింతలు రాక ఏమొస్తాయి?

శనివారం

చెవులాయన ఇవాళ నన్ను తొమ్మిదిసార్లో పదిసార్లో ఆపాడు. నన్ను!

ఒకే పంక్తి రెండుసార్లు చదివానట. ఒకచోట ఒక పేరా మొత్తం దాటేశానట. "మేడం, మళ్ళీ ఒక్కసారి" అంటాడు మైకులో, పసిపిల్లకి బువ్వ తినిపిస్తున్నట్టు. ఆ గొంతు వింటే ఒళ్ళు మండుతుంది. అచ్చుతప్పులున్నాయని చెప్పాను. పుస్తకం ఎత్తి చూపించమన్నాడు. చూపించాను. అచ్చుతప్పులు లేవు. అక్షరాలు చిన్నవిగా వేశారు, అదీ సంగతి.

బయటికి వచ్చి వరండాలో టీ తాగాక బాగానే ఉంది.

ఆదివారం

తమ్ముడు ఫోన్ చేశాడు. వారానికోసారి చేస్తాడు, బాధ్యత తీరిందనిపించుకోవడానికి. అమ్మ గదిలో కూర్చుని మాట్లాడాను. తలుపు వేసే ఉంచాను, అమ్మ బయటికి వచ్చేస్తుందని.

"అక్కా, పిల్లల పరీక్షలు ఎప్పుడని ఇందాకే అడిగావు కదే," అన్నాడు.

"నేనెప్పుడు అడిగాను?"

"ఇప్పుడే. చెప్పాను కూడా." కాసేపు ఆగాడు. "నువ్వు బాగానే ఉన్నావా?"

ఆ ఆగడం ఉందే, అది నాకు తెలుసు. నాలుగేళ్ళ క్రితం అమ్మతో మాట్లాడుతూ నేను అలాగే ఆగాను.

సోమవారం

రాసేస్తున్నాను. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడా రాయలేను.

నాకూ వస్తోంది. అమ్మకి వచ్చిందే. ఆవిడకి డెబ్బై దాటాక వచ్చింది, నాకు యాభై ఐదుకే తొందరపడింది.

పెట్టెలో కూర్చుని, చెవులాయన ఏదో వైరు సరిచేస్తుంటే, పంతొమ్మిదో ఎక్కం చెప్పుకుని చూశాను. అమ్మ నాకు చీపురు పుల్ల పట్టుకుని నేర్పిన ఎక్కం. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. పంతొమ్మిది ఆర్లు నూట పద్నాలుగు. ఆ తర్వాత ఏమీ లేదు. గోడ. మళ్ళీ మొదటినుంచి వచ్చాను, మళ్ళీ అక్కడే గోడ.

ఇంటికొచ్చి వంటింట్లో గిన్నెలు కడుగుతూ చెప్పాను. ఆఖరిదాకా వచ్చింది. సంతోషంతో తమ్ముడికి ఫోన్ చెయ్యబోయి, ఏమని చెప్పాలో తెలియక మానుకున్నాను. తర్వాత అమ్మ మంచం పక్కన కూర్చుని ఇంకోసారి చెప్పాను. ఆరు దగ్గరే ఆగిపోయాను. అమ్మ నన్ను చూసి, "కండక్టర్‌గారూ, బస్సెందుకు కదలడంలేదు?" అంది.

ఆవిడకి నేను కండక్టర్ని. రోజూ బస్సులో స్కూలుకి వెళ్ళి వచ్చేది కదా, ఆ బస్సులోనే ఉండిపోయింది. బస్సెక్కితే ఎప్పుడూ కడుపులో తిప్పేది ఆవిడకి. "కిటికీ తియ్యమనండి, వాంతి వచ్చేలా ఉంది," అంటుంది రోజుకి వందసార్లు. ఇవాళా అదే పాట.

"ఇది బస్సు కాదమ్మా, ఇల్లు," అన్నాను.

"మరి ఇల్లయితే ఎందుకు దిగనివ్వరు?"

పిచ్చిమాటలకి జవాబు వెతుక్కోవడమంత తెలివితక్కువ పని లేదు. లైటు ఆపి వచ్చేశాను.

మంగళవారం

ఆయమ్మ మానేసింది. తోడుగా చిన్న కుర్చీ కూడా పట్టుకుపోయింది. కుర్చీ ఆవిడదేనట. ఇంకొకరు దొరికేదాకా మధ్యాహ్నం నేనే వచ్చి అమ్మకి అన్నం పెట్టి వెళ్ళాలి.

గురువారం

జ్ఞాపకశక్తి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు తీసుకున్నాను. "పేషంటు ఎవరు?" అని అడిగింది ఫోన్ ఎత్తిన అమ్మాయి. "మా అమ్మ," అన్నాను. "వయసు?" అంది. నా వయసు చెప్పేశాను. ఆ అమ్మాయి రాసేసుకుంది, అనుమానం కూడా రాలేదు. ఇలాంటివాళ్ళని ఫోన్ల దగ్గర కూర్చోబెడతారు.

నిజమని తేలితే ఏం జరుగుతుందో తెలుసు. తమ్ముడు మంచివాడే, మంచి హోమ్ చూస్తాడు. రెండు మంచాలు పక్కపక్కనే వేయిస్తాడు. ఒక కండక్టరు, ఒక ప్రయాణికురాలు. నెలకోసారి అరటిపళ్ళు తెస్తాడు.

అది కాదు నన్ను తినేస్తున్నది. గొంతు పోతే పోయింది, ముసలితనంలో ఎవరికైనా పోతుంది. వాక్యం పోతే నేనేంటి? ఈ ఇంట్లో వాక్యం ఉన్నది నా ఒక్కదాని దగ్గరే.

శుక్రవారం

పుస్తకం డాక్టరు ఇవాళ ఊడిపడ్డాడు. తన రాత నా గొంతులో ఎలా ఉందో వినాలట. మెడ చుట్టూ మఫ్లరు, నెత్తిన టోపీ. వచ్చీ రావడంతోనే చెవులాయన గది తలుపు వేయించాడు.

"వరండాలోంచి గాలి కొడుతోందమ్మా. నాకు గాలి పడదు."

వినిపించారు. కళ్ళు మూసుకుని తనను తానే మెచ్చుకుంటూ తల ఊపాడు. తర్వాత పెట్టెలో కూర్చుని మైకు ముందు ఫోటో దిగుతానన్నాడు. లోపల కూర్చున్నాడు, తలుపులు వేశారు, ఫోటోలు ఎన్ని తీసినా ఆయనకి నచ్చలేదు. చివరికి మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చి, "లోపల కాస్త మందంగా ఉందమ్మా," అన్నాడు.

"మందంగా అంటే?"

"ఏమో, తల బరువెక్కింది. బీపీ అయ్యుంటుంది," అని మఫ్లరు ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

వెళ్ళేముందు, "గాలీ వెలుతురూ అధ్యాయం కొంచెం ప్రాణం పెట్టి చదవమ్మా. పుస్తకానికి అదే గుండెకాయ," అన్నాడు. అలాగే సార్ అన్నాను. గాలి పడని మనిషి గాలి మీద రాసిన అధ్యాయానికి నా ప్రాణం కావాలట.

సోమవారం

గుండెకాయ చదివాను. ఏడుపొచ్చింది, అధ్యాయానికి కాదు.

పొద్దున మొదటి పేజీలు అద్భుతంగా వచ్చాయి. "చల్లగా ఉంది కదా అని మోసపోకండి" అనే వాక్యం దగ్గర గొంతు తగ్గించి, చెవిలో చెప్పినట్టు చెప్పాను. చెవులాయన గాజు అవతల బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆ తర్వాత అరగంటకో ఏమో, నాలుక మొద్దుబారింది. వాక్యం మొదలుపెట్టి, ఎక్కడికి వెళ్తున్నానో మరిచిపోయాను. చదవడానికి కళ్ళముందే ఉంది, అయినా మరిచిపోయాను.

"మేడం, మళ్ళీ ఒక్కసారి."

"నాకు తెలుసు!"

"అరిచినా రికార్డవుతుంది మేడం," అన్నాడు.

నీళ్ళు అడిగాను. తెచ్చారు. గ్లాసు పట్టుకుని ఎందుకడిగానో ఆలోచిస్తూ కూర్చున్నాను. చెవులాయన హెడ్‌ఫోన్లు తీసి నావైపు చూశాడు. మొదటిసారి ఆయన చెవులు చూశాను. మామూలు చెవులే.

మంగళవారం

వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. పగలంతా వంటింట్లో ఎక్కాలు. పదహారు నుంచి పంతొమ్మిది దాకా ఒక్క తప్పు లేదు.

అమ్మ గదిలోకి భోజనం పెట్టడానికి మాత్రమే వెళ్ళాను. అక్కడ ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నాను. ఆవిణ్ణి చూస్తుంటే రేపటి నేను కనబడుతుంది, అందుకే తల తిరుగుతుంది. ఇంకేమీ కాదు.

"కిటికీ," అంది అమ్మ. అంతే. మిగతా వాక్యం కూడా పోయినట్టుంది ఆవిడకి.

బుధవారం

ఓనరు పిలిచాడు. తియ్యగా మాట్లాడితే ఏదో మెలిక పెట్టబోతున్నాడని అర్థం.

"మీరు అలిసిపోయారు మేడం. ఇన్నేళ్ళ సర్వీసు! మిగతా పుస్తకం ఒకమ్మాయి చేత చదివిద్దామని. మీరు పక్కన కూర్చుని కాస్త గైడ్ చెయ్యండి."

ఒకమ్మాయి అంటే, నేను పెట్టిన పేరు చిలక. రేడియోలో సబ్బుల ప్రకటనలు చదువుతుంది. ఏ వాక్యమైనా చివర సబ్బు కొనమన్నట్టే ఉంటుంది. పరుగెత్తుకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీ పుస్తకాలు వింటూ పెరిగాను ఆంటీ!"

ఆంటీ. చెంప మీద కొట్టినా ఇంతకంటే మర్యాదగా ఉండేది.

గురువారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున చిలక పెట్టెలో కూర్చుంది. నేను చెవులాయన పక్కన, వరండా వైపు తలుపు బార్లా తీసి ఉన్నచోట కూర్చున్నాను. నాకు కూడా ఒక హెడ్‌ఫోను ఇచ్చారు. జీవితంలో మొదటిసారి గాజుకి ఇటువైపు కూర్చుని ఇంకొకరు చదివేది వింటున్నాను.

మొదట బాగానే చదివింది. నిజం చెప్పాలంటే సబ్బు కూడా లేదు. పేజీలు తిప్పుతుంటే చప్పుడు కూడా రానివ్వలేదు. నాకు ఛాతీలో మంట. చెవులాయన ఒక్కసారి కూడా ఆపలేదు. మధ్యలో నావైపు తిరిగి, "బాగా చదువుతోంది కదా మేడం," అన్నాడు. ఈయనకి లోకజ్ఞానం కూడా వినబడదు.

తర్వాత చిలక ఆవలించింది. చేత్తో అడ్డం పెట్టుకుంది గానీ నేను చూశాను. కాసేపటికి ఒక పంక్తి రెండుసార్లు చదివింది. చెవులాయన ఆపాడు. "సారీ సారీ," అంది. మళ్ళీ మొదలుపెట్టి ఒక పేరా దాటేసింది. మళ్ళీ ఆపాడు. కడుపు చల్లబడింది నాకు, దాచుకోవడమెందుకు. కానియ్ చిలకా, పలుకు అనుకున్నాను.

అప్పుడా పిల్ల కణతల మీద రెండు వేళ్ళు పెట్టి నొక్కుకుంది. నేను నొక్కుకునే చోటే.

"నీళ్ళు కావాలి," అంది. తెచ్చారు. గ్లాసు చేత్తో పట్టుకుని, దాన్ని ఏం చెయ్యాలో మరిచిపోయినట్టు చూస్తూ కూర్చుంది.

నా నవ్వు నోట్లోనే ఉండిపోయింది. నాకు వచ్చింది జబ్బయితే, మా అమ్మ నుంచి వచ్చిందయితే, ఈ పిల్లకి ఎక్కణ్ణించి వచ్చింది? దీన్ని మా అమ్మ కనలేదు కదా!

చిలక బయటికి వచ్చి గోడకి ఆనుకుంది. ఏడుస్తోంది. "ఆంటీ, లోపల నా బుర్ర పనిచెయ్యట్లేదు. ఇన్నాళ్ళూ మీరెలా చదివారండీ ఇందులో?"

ఆ 'ఇందులో' అనే మాట పట్టుకుని పెట్టెలోకి వెళ్ళాను. ఆ పిల్ల వదిలిన ఊపిరి అంతా అక్కడే ఉంది, చల్లగా, దుప్పట్లా. ఇన్నాళ్ళూ అది నాకు వాసనే రాలేదు, ఎందుకంటే అది నాదే. తలుపులు వేయించుకుని కూర్చుని, కాసేపాగి ఎక్కం మొదలుపెట్టాను. ఆరు దగ్గర గోడ. లేచి, రెండు తలుపులూ తోసుకుని, వరండాలోకి పరుగెత్తాను. అక్కడ నిలబడి నాలుగు గుక్కలు గాలి పీల్చి, పైకి, గట్టిగా మొదలుపెట్టాను. పంతొమ్మిది ఏడులు నూట ముప్పై మూడు. పంతొమ్మిది ఎనిమిదులు నూట యాభై రెండు. ఆఖరిదాకా వచ్చింది. ఆపబుద్ధి కాక ఇరవయ్యో ఎక్కం కూడా చెప్పాను. టీ తెచ్చినతను ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నాకు పిచ్చి లేదు. నాకు గాలి లేదు.

లోపలికి వచ్చి పుస్తకం తీశాను. గాలీ వెలుతురూ అధ్యాయం. మొదటిసారి దాన్ని కళ్ళతో చదివాను, నోటితో కాదు. మూసిన గదిలో మనిషి తను వదిలిన ఊపిరినే మళ్ళీ మళ్ళీ పీల్చుకుంటాడు. ముందు ఆవలింత, తర్వాత తలనొప్పి, తర్వాత మతిమరుపు లాంటి మందకొడితనం. చల్లదనం వేరు, కొత్త గాలి వేరు. ఏసీ ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, కొత్తది తీసుకురాదు. చల్లగా ఉంది కదా అని మోసపోకండి.

ఆ వాక్యం నేను చెవిలో చెప్పినట్టు చెప్పాను. ఎవరి చెవిలో చెప్పాను?

"ఆ కన్నం మూయించిన మేధావి ఎవరండీ?" అని అడిగాను.

చెవులాయన తల వంచి వైరు చుట్టసాగాడు. "మీరే కదా మేడం."

పాపం, ఆయనకి జ్ఞాపకశక్తి తగ్గుతున్నట్టుంది. డాక్టరుకి చూపించుకోమని చెప్పాలి.

అప్పటికప్పుడు ఆయన్నే కుర్చీ ఎక్కించి చెక్క ఊడదీయించాను. స్పాంజి లాగితే ఇంత దుమ్ము. ఫ్యాను వేశారు. బుయ్‌మంది. చిలక కింద నిలబడి మొహం పైకెత్తి నవ్వుతోంది. ఫ్యాను చప్పుడు ఎలా తీసెయ్యాలో తర్వాత చూద్దాం అన్నాడు చెవులాయన, గొట్టం మెలి తిప్పి మధ్యలో స్పాంజి అతికిస్తే గాలి వస్తుంది, రొద రాదట. ముందే ఏడవచ్చుగా ఈ మాట!

మిగతా పుస్తకం నేనే చదువుతానని ఓనరుకి చెప్పాను. గుండెకాయ మళ్ళీ మొదటినుంచి. ఆ పిల్లకి కూడా ఒక పుస్తకం ఇవ్వమన్నాను. సన్నది.

ఇంటికి నడిచి వచ్చాను. దారంతా నవ్వుకుంటూనే ఉన్నాను. చెప్పులు విప్పి, అమ్మ గది తలుపు తీశాను.

శుక్రవారం

నిన్న అక్కడితో ఆపేశాను. రాయలేకపోయాను.

తలుపు తీయగానే పెట్టె వాసన కొట్టింది. అదే. రోజూ ఆ తలుపు తీస్తున్నాను, రోజూ ఆ వాసనలోకి వెళ్ళి భోజనం పెట్టి వస్తున్నాను. అమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పెదాలు ఎండిపోయాయి. ఆయమ్మ తలనొప్పి గుర్తొచ్చింది. తమ్ముడి ఫోన్ గుర్తొచ్చింది. ఆరు దగ్గర గోడ గుర్తొచ్చింది, ఈ మంచం పక్కనే కదా.

మేకులు కొట్టింది వడ్రంగి.

అవును, వడ్రంగి. ఎవరు పిలిస్తే వచ్చాడో కూడా రాసే ఉంది, పేజీలు వెనక్కి తిప్పితే కనబడుతుంది. తిప్పను.

అమ్మని నడిపించుకుంటూ వచ్చి హాల్లో పడుకోబెట్టాను, ఆ గది తలుపు తీసే ఉంచాను. పక్కన చాప వేసుకున్నాను. నిద్రపట్టలేదు.

శనివారం

వడ్రంగిని పిలవలేదు. ఇంకొకరి ముందు ఆ మేకులు ఊడదీయించుకునే మొహం నాకు లేదు. సుత్తి వెనకభాగంతో, పట్టకారుతో నేనే మొదలుపెట్టాను. గట్టిగా కొట్టాడు దరిద్రుడు. అరచెయ్యి గీరుకుపోయింది. ఒక్కో మేకు ఊడినప్పుడల్లా వెనకనుంచి అమ్మ, కుర్చీలో కూర్చుని, "జాగ్రత్త," అంటోంది. ఏం చేస్తున్నాననుకుందో.

గుడ్డలు లాగేశాను. కిటికీ తలుపులు బిగుసుకుపోయాయి. భుజంతో తోస్తే ఒక్కసారిగా తెరుచుకున్నాయి.

గాలి వచ్చింది. వీధి కూడా వచ్చింది, హారన్లు, పిల్లల అరుపులు, ఎవరిదో స్కూటరు స్టార్టవ్వని ఏడుపు. గోడమీది క్యాలెండరు పటపటా కొట్టుకుంది. ఇంత చప్పుడు. ఇన్ని రోజులుగా ఈ ఇంట్లోకి రానివ్వని చప్పుడు.

అమ్మ లేచి, గోడ పట్టుకుని వచ్చి, కిటికీ ఊచలు పట్టుకుంది. జుట్టు మొహం మీద పడుతోంది. కళ్ళు మూసుకుంది.

"హమ్మయ్య," అంది. "బస్సు కదిలింది."

పిచ్చిమాటలని రోజూ రాశాను ఈ డైరీలో. ఆవిడకి మిగిలిన మాటల్లో ఆవిడ రోజూ చెబుతూనే ఉంది. వాక్యం నా ఒక్కదాని దగ్గరే ఉందనుకున్నాను. సిగ్గేసింది. ఇది రాస్తున్నా సిగ్గేస్తోంది.

అమ్మకి ఏమీ తగ్గలేదు. తగ్గుతుందనీ అనుకోవడంలేదు, జ్ఞాపకశక్తి డాక్టరు అపాయింట్‌మెంటుకి ఆవిణ్ణే తీసుకెళ్తాను, వయసు సరిగ్గా చెప్పి. ఇప్పటికీ నేను కండక్టర్నే. కళ్ళు తెరిచి నావైపు తిరిగి, టీచరమ్మ గొంతుతో నిలదీసింది.

"ఇంతసేపు ఎందుకు ఆపేశారు కండక్టర్‌గారూ? లోపల మనుషులున్నారని తెలీదా?"

ఎవరేమన్నా జవాబు చెప్పే నోరు నాది. ఓనరుకి చెప్పాను, చెవులాయనకి రోజూ చెబుతాను.

"తెలీలేదమ్మా," అన్నాను. "నేనే ఆపాను. తప్పైపోయింది."

ఎదురింటావిడ బాల్కనీలో బట్టలు ఆరేస్తూ చూస్తోంది. చూడనీ.

అమ్మ కాసేపు నన్ను పరీక్షగా చూసింది. చెమటకి తడిసిన నా జాకెట్టు, చేతిలో పట్టకారు, దెబ్బ తగిలిన అరచెయ్యి. తర్వాత ఊచల దగ్గర కొంచెం పక్కకి జరిగింది.

"నిలబడే ఉన్నావు పొద్దుటినుంచీ. ఇలా రా," అంది. "ఇక్కడ గాలి వస్తోంది."

వెళ్ళి పక్కన నిలబడ్డాను.